రూపాయికి ఎనిమిది పైసలు

ఇంటి పన్ను రసీదును మనం చదివే పద్ధతి ఒకటే. కింద మొత్తం ఎంతుందో చూస్తాం, కట్టేస్తాం, మడిచి కరెంటు బిల్లుల మధ్య పెట్టేస్తాం. నడుమ ఉన్న వరుసల జోలికి ఎవరూ పోరు. రామగుండం నగరపాలక సంస్థ ఇచ్చే నోటీసైనా, పక్క మండలంలో గ్రామ పంచాయతీ ఇచ్చే రసీదైనా, ఆ నడిమి వరుసల్లో ఒకటి గ్రంథాలయ పన్నుది. చాలాచోట్ల ‘లైబ్రరీ సెస్’ అనే ఉంటుంది. అంకె చిన్నది. ఇంటి పన్ను వెయ్యి రూపాయలైతే ఇది ఎనభై.

బొగ్గు గనుల ఊరైన గోదావరిఖనిలో జీతం కటింగుల లెక్క తెలియనివాళ్లు తక్కువ. పే షీటు చేతికిస్తే సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి) ఎంత, పింఛనుకు ఎంత, యూనియన్ చందా ఎంత, సొసైటీ అప్పు కింద ఎంత పోయిందో వేలు పెట్టి చూపిస్తారు. ఒక్క రూపాయి ఎక్కువ కోసినా మరునాడు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడతారు. అంత లెక్క తెలిసిన మనిషి కూడా తన ఇంటి మీద ఏటా రెండుసార్లు కోసే ఈ ఎనిమిది పైసల గురించి అడగడు. కట్టేవాడికి తెలియకుండానే కట్టించుకునేంత నేర్పుగా దీన్ని అమర్చారు. ఆ అమరిక ఎలాంటిదో ఒక్కో భాగం విప్పి చూస్తే ముచ్చటేస్తుంది.

అడుగు నుంచి మొదలుపెడదాం. గ్రంథాలయ పన్ను విడిగా నిలబడే పన్ను కాదు, ఇంటి పన్ను మీద వేసే అదనపు పన్ను. కాబట్టి ముందు ఇంటి పన్ను ఎలా పుడుతుందో తెలియాలి. తెలంగాణ పట్టణాల్లో ఇంటి పన్నుకు ఆధారం ఆ ఇంటికి రాదగిన అద్దె. ఇల్లు ఏ జోన్‌లో ఉంది, ఆర్‌సీసీ కప్పా, రేకులా, పెంకులా, కాపురానికా, దుకాణానికా అన్నది చూసి చదరపు మీటరుకు నెలకు ఇంత అని అద్దె విలువ కడతారు. దాన్ని ప్లింత్ ఏరియాతో హెచ్చవేసి, పన్నెండు నెలలకు లెక్కగట్టి, ఇంటి వయసును బట్టి కొంత తరుగు తీస్తారు. మిగిలినదాని మీద నిర్ణయించిన శాతం చొప్పున పన్ను పడుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అరవై చదరపు మీటర్ల పాత ఇల్లు. నెలకు చదరపు మీటరుకు ఇరవై రూపాయల అద్దె విలువ అనుకుందాం. నెలకు 1,200, ఏడాదికి 14,400. తరుగు ఇరవై శాతం అనుకుంటే 2,880 పోయి 11,520 మిగిలింది. దాని మీద పదిహేను శాతం పన్ను అనుకుంటే ఏడాదికి 1,728, ఆరు నెలలకు 864 రూపాయలు. ఇప్పుడు ఈ 864 మీద రూపాయికి ఎనిమిది పైసలు వేస్తే 69 రూపాయల 12 పైసలు వస్తుంది. అదే గ్రంథాలయ పన్ను. రెండు అర్ధ సంవత్సరాలకు కలిపి 138 రూపాయల చిల్లర. దినపత్రిక ఏడు రూపాయలనుకుంటే, ఆ ఇంటాయన ఏడాదికి కట్టింది ఒక్క పత్రికకు ఇరవై రోజుల ఖర్చు కూడా కాదు. దానికి బదులుగా ఏడాది పొడవునా ఊళ్లోని పత్రికలన్నీ బల్ల మీద పరిచి ఉంటాయి.

పనితనం ఈ చివరి మెట్టులోనే ఉంది. కొత్త పన్ను వేయడమంటే మామూలుగా నాలుగు బరువులు ఎత్తాలి. ఎవరు కట్టాలో జాబితా రాయాలి. ఎంత కట్టాలో విలువ కట్టాలి. వసూలుకు మనుషుల్ని పెట్టాలి. ఒప్పుకోనివాడికి అప్పీలు దారి చూపాలి. గ్రంథాలయాల కోసం ఈ నాలుగూ కొత్తగా కల్పించాలంటే వచ్చే ఎనిమిది పైసల్లో చాలా భాగం వసూలు ఖర్చుకే పోతుంది. చట్టం రాసినవాళ్లు ఈ నాలుగింటిలో ఒక్కటీ కొత్తగా చేయలేదు. పురపాలక సంఘం దగ్గర ఇళ్ల జాబితా ముందే ఉంది, విలువ కట్టే ఉంది, బిల్ కలెక్టర్ ఎలాగూ వీధిలోకి వస్తాడు. ఇంటి పన్ను ఎలా వసూలు చేస్తారో దీన్నీ అలాగే, అది కూడా ఇంటి పన్నే అన్నట్టుగా వసూలు చేయాలని ఒక్క నిబంధన పెట్టారు. ఆ ఒక్క నిబంధనతో ఆలస్యమైతే పడే వడ్డీ, నోటీసు, జప్తు అధికారం, అప్పీలు హక్కు, పురపాలక చట్టంలో ఇంటి పన్నుకు ఉన్న హంగులన్నీ గ్రంథాలయ పన్నుకూ వచ్చేశాయి. పేజీల కొద్దీ రాయాల్సింది ఒక్క వాక్యంలో ముగిసింది. చట్టం రాయడం కూడా చేతిపనే అని నమ్మనివాళ్లు ఆ నిబంధన ఒకసారి చదవాలి.

ఇంకో సుగుణం, దీన్ని విడగొట్టి ఎగ్గొట్టే వీలు లేదు. ఇంటి పన్ను కడతాను, లైబ్రరీ సెస్సు మాత్రం కట్టనంటే కౌంటర్లో కుదరదు. రసీదు ఒకటే.

ఈ అమరిక ఒక్కరోజులో తయారు కాలేదు. తెలంగాణలో పుస్తకాల ఇళ్లు పన్ను కంటే చాలా ముందే పుట్టాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిశాయి. నిజాం పాలనలో అవి చందాల మీద, దాతల దయ మీద, నడిపేవాళ్ల మొండితనం మీద బతికాయి. అటు కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు వేసి ఊళ్లకు తిప్పారు. ఎంత గొప్ప పనైనా, చందా ఇచ్చే చేయి వెనక్కి పోతే ఆగిపోయే పనే. ఉద్యమంలో ఉన్నవాళ్లకు అది అందరికంటే బాగా తెలుసు. అందుకే వాళ్లు చట్టం కావాలని అడిగారు.

చట్టం నమూనా తయారు చేసింది ఎస్.ఆర్. రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథపాలకుడు కాకముందు ఆయన లెక్కల పంతులు. 1930లో కాశీలో జరిగిన అఖిల ఆసియా విద్యా మహాసభలో తన నమూనా గ్రంథాలయ చట్టాన్ని ముందుపెట్టారు. దాన్ని రూపాయి పైసలతో సహా అమలు చేయడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. అవినాశిలింగం చెట్టియార్ విద్యామంత్రిగా ఉండగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. కొల్హాపూర్ సంస్థానం 1945లోనే చట్టం చేసింది గానీ, స్వతంత్ర భారతదేశంలో మొదటిది మద్రాసుదే. హైదరాబాదు రాష్ట్రం 1955లో తన చట్టం చేసుకుంది. రాష్ట్రాలు కలిశాక ఆంధ్ర జిల్లాల్లో ఒక చట్టం, తెలంగాణ జిల్లాల్లో ఇంకో చట్టం నడవడం కుదరక రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం తెచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. గాడిచర్ల అదే ఏడాది ఫిబ్రవరి 29న కన్నుమూశారు. రాష్ట్రం విడిపోయాక అదే చట్టం తెలంగాణకూ సంక్రమించింది.

గోదావరిఖని బొగ్గు బావులు కూడా ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. చట్టానికీ ఊరికీ వయసు దాదాపు ఒక్కటే. రామగుండంలో 62.5 మెగావాట్ల పాత థర్మల్ కేంద్రం 1971లో వచ్చింది, ఎన్టీపీసీకి 1978లో పునాదిరాయి పడింది. ఎరువుల కర్మాగారం వచ్చింది, 1999లో మూతపడింది, ఇరవై ఏళ్లు దాటాక కొత్త పేరుతో మళ్లీ తెరుచుకుంది. అండర్‌గ్రౌండ్ బావులు తగ్గి ఓపెన్‌కాస్ట్ గనులు (ఓసీపీలు) పెరిగాయి. సమ్మెలు ఎన్ని జరిగాయో లెక్క లేదు. ఇలాంటి చోట గ్రంథాలయానికి వచ్చే రాబడిని టన్నుల బొగ్గుకో, కంపెనీ లాభానికో ముడిపెట్టి ఉంటే ఏమయ్యేది? ఒక ఏడాది పుస్తకాలు కట్టలు కట్టలుగా వచ్చేవి, మరుసటి ఏడాది పత్రిక కూడా వచ్చేది కాదు. ఇంటి మీద వేసిన పన్ను అలా ఊగదు. సమ్మె జరిగినా ఇల్లు అక్కడే ఉంటుంది, డిమాండ్ నోటీసు వస్తుంది. ఓసీపీ కోసం ఊరే లేచిపోయినప్పుడు మాత్రం ఆ ఇంటి నంబర్లు రిజిస్టరులోంచి మాయమవుతాయి. పునరావాస కాలనీలో కొత్త ఇళ్లు కొలిచి కొత్త నంబర్లు వేసేదాకా ఆ మేరకు ఖాళీయే.

మిగతా రాష్ట్రాలు ఏం చేశాయో చూస్తే మనవాళ్ల ఎంపిక విలువ తెలుస్తుంది. తమిళనాడులో రూపాయికి పది పైసలు. కేరళలో ఐదు శాతం, కర్ణాటకలో ఆరు శాతం. మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ చట్టాలు చేశాయి గానీ సెస్సు పెట్టలేదు, బడ్జెట్లో ఇచ్చిందే గతి. గోవా అయితే మద్యం మీద వేసింది. తాగేవాళ్లు పెరిగిన కొద్దీ చదివేవాళ్లకు పుస్తకాలు పెరుగుతాయన్నమాట! నాకు మాత్రం ఇంటి మీద వేయడమే సబబుగా తోస్తుంది. పెద్ద మేడ కట్టినవాడు ఎక్కువ ఇస్తాడు, రేకుల ఇంటివాడు తక్కువ ఇస్తాడు, చదువుకునే బల్ల దగ్గర ఇద్దరికీ ఒకటే కుర్చీ.

బొగ్గు ఊళ్లో సొంత ఇళ్లకంటే ముందు కనిపించేవి కంపెనీ క్వార్టర్లు. యైటింక్లైన్ కాలనీలో గానీ ఎన్టీపీసీ జ్యోతినగర్‌లో గానీ క్వార్టర్లో ఉండే కుటుంబానికి ఇంటి పన్ను నోటీసు రాదు. భవనం కంపెనీది కాబట్టి పన్ను భారం కంపెనీదే. మరి ప్రభుత్వ కంపెనీ మీద స్థానిక సంస్థ పన్ను వేయొచ్చా? రాజ్యాంగం 285వ అధికరణం కేంద్ర ప్రభుత్వ ఆస్తికి రాష్ట్రాల, స్థానిక సంస్థల పన్నుల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ గొడుగు కిందికి ప్రభుత్వ కంపెనీలూ వస్తాయా అన్న తగాదా మన హైదరాబాదు ఈసీఐఎల్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాటాలన్నీ కేంద్రానివే అయినా కంపెనీ వేరు, ప్రభుత్వం వేరు, కంపెనీ ఆస్తి కేంద్ర ప్రభుత్వ ఆస్తి కాదని 1999లో కోర్టు తేల్చింది. ఈసీఐఎల్ తగాదా వ్యవసాయేతర భూమి పన్ను గురించే అయినా, ఆ సూత్రం ఇంటి పన్నుకూ వర్తిస్తుంది. ఇక్కడి గనుల కంపెనీ సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. 285వ అధికరణం పేరు చెప్పి ఆఫీసులకూ క్వార్టర్లకూ మినహాయింపు అడిగే దారి దానికీ లేదు, ఎన్టీపీసీకీ లేదు.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. కంపెనీ ఊళ్లో క్వార్టరు, దవాఖానా, నీళ్లు, క్లబ్బు, అన్నీ నౌకరీతోనే వస్తాయి, చాలావరకు నౌకరీతోనే పోతాయి. రిటైరైన మనిషి క్వార్టరు ఖాళీ చేసిన రోజు నుంచి చాలా తలుపులు మూసుకుంటాయి. కాంట్రాక్టు కార్మికుడికి కొన్ని తలుపులు మొదటి నుంచీ తెరుచుకోవు. శాఖా గ్రంథాలయంలో ఎంప్లాయీ కోడ్ అడగరు. అది ఊరివాళ్ల డబ్బుతో నడిచేది, ఊళ్లో ఉండే ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.

వసూలైన డబ్బు ఎక్కడికి పోవాలి? దీనికి చట్టం జిల్లా స్థాయిలో ఒక సంస్థను నిలబెట్టింది, అదే జిల్లా గ్రంథాలయ సంస్థ. హైదరాబాదుకు నగర గ్రంథాలయ సంస్థ వేరుగా ఉంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా రామగుండం ఎనిమిది పైసలు కరీంనగర్ సంస్థ ఖాతాకు చెందేవి. ఆ తర్వాత పెద్దపల్లి జిల్లావి అయ్యాయి. ప్రతి సంస్థకూ గ్రంథాలయ నిధి ఉండాలి. సెస్సు, ప్రభుత్వ గ్రాంటు, విరాళాలు, రుసుములు అన్నీ అందులోనే పడాలి, ఖర్చంతా అందులోంచే పోవాలి. పన్ను వేసే హక్కు గ్రంథాలయ సంస్థది, వసూలు చేసే బాధ్యత కార్పొరేషన్, పురపాలక సంఘం, పంచాయతీలది.

జిల్లా మొత్తాన్ని ఒక నిధి కింద చేర్చడమే ఈ నిర్మాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. ఊరి పన్ను ఊరికే అని రాసి ఉంటే ఏమవుతుందో పెద్దపల్లి జిల్లా మీదే ఊహించి చూడండి. రామగుండంలో కర్మాగారాలు, టౌన్‌షిప్పులు, మూడు నాలుగు అంతస్తుల దుకాణాలు. మంథని వైపు అడవి అంచు ఊళ్లో పంచాయతీ కారోబార్ ఏడాదంతా తిరిగి తెచ్చే ఇంటి పన్నే కొద్దిపాటిది, అందులో ఎనిమిది పైసల వంతు ఒక అల్మారా కొనడానికి చాలదు. రెండు చోట్ల డబ్బూ ఒకే నిధిలో పడితే, ఎక్కువ ఉన్న చోటి నుంచి లేని చోటికి ఎవరినీ అడగకుండానే కొంత నడుస్తుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, గ్రామ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు అన్న మెట్లన్నీ ఈ ఉమ్మడి నిధి మీద కట్టినవే. కలకత్తాలో 1972లో పెట్టిన రాజా రామ్మోహన్‌రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ కూడా ఒక పథకంలో రాష్ట్రం వేసిన వాటాకు తన వాటా కలిపి పుస్తకాలకు సాయం చేస్తుంది.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. శాఖా గ్రంథాలయానికి కొత్త పుస్తకం వస్తే అది నేరుగా అల్మారాలోకి పోదు. ముందు అసెషన్ రిజిస్టరులో ఒక వరుసలో ఎక్కుతుంది: తేదీ, వరుస సంఖ్య, రచయిత, పేరు, ప్రచురణకర్త, పుటలు, వెల, ఎక్కడి నుంచి వచ్చింది. ఆ వరుస సంఖ్యను పుస్తకం ముఖపత్రం వెనక రాసి ముద్ర వేస్తారు. అక్కడితో ఆగరు. లోపల ఒక పుటలోనూ అదే ముద్ర, అదే సంఖ్య. ఒక గ్రంథాలయంలోని పుస్తకాలన్నిటికీ ఆ పుట సంఖ్య ఒక్కటే. దాన్ని రహస్య పుట అంటారు. ముఖపత్రం చింపేసి, అట్ట మార్చేసి పుస్తకం పట్టుకుపోయినవాడికి ఆ పుట సంగతి తెలియదు, పాత పుస్తకాల దుకాణంలో అది దొరికితే గ్రంథపాలకుడు ఆ పుట తిప్పి చూస్తాడు. ఆ తర్వాత పుస్తకం వెన్ను మీద చిన్న చీటీ. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827. చుక్క తర్వాత అంకెలు పెరిగే కొద్దీ నవలా, కవితా, నాటకమా అన్నది విడిపోతుంది. ఆఖరి పుటకు తేదీల చీటీ అంటిస్తారు. పుస్తకం ఎంత మంది చేతులు మారిందో చెప్పడానికి ఆ చీటీ మీద వరుసగా పడ్డ రబ్బరు ముద్రలే సాక్ష్యం.

పత్రికల తీరు వేరు. పొద్దున్నే వచ్చిన పత్రిక మీద గ్రంథాలయం ముద్ర పడుతుంది. తర్వాత అది ఒకరి చేతిలో ఉండదు, షీట్లు షీట్లుగా విడిపోతుంది. జిల్లా పేజీ ఒకరికి, క్రీడల పేజీ ఒకరికి, ఉద్యోగ ప్రకటనలు ఇంకొకరికి. మన గ్రంథాలయాలను సాధారణంగా పొద్దునా సాయంత్రమూ రెండు విడతలుగా తెరుస్తారు, వారం సెలవు శుక్రవారం. ఈ ఏర్పాటు గని షిఫ్టులను చూసి పెట్టింది కాదు గానీ ఇక్కడ భలే కుదిరింది. సెకండ్ షిఫ్టుకు పోయేవాడు పొద్దున వచ్చి చదువుకుంటాడు, ఫస్ట్ షిఫ్టు దిగినవాడు ఇంటికి పోయి స్నానం చేసి సాయంత్రం వస్తాడు. గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షకూ తయారయ్యే పిల్లలు తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వాళ్లకు కావలసింది కుర్చీ, ఫ్యాను, ట్యూబ్‌లైటు, చుట్టూ చదువుతున్న మనుషులు. ఆ ఫ్యాను తిరిగే కరెంటు బిల్లు కూడా గ్రంథాలయ నిధి లెక్కలోదే.

ఈ పన్నుకు పునరుద్ధరణ ఉందా? అమెరికాలో ఒహైయో రాష్ట్రం ఊళ్లలో గ్రంథాలయ లెవీకి గడువు ఉంటుంది, తరచుగా ఐదేళ్లు. గడువు తీరేలోగా మళ్లీ బ్యాలెట్ మీదికి వస్తుంది, ఊరివాళ్లు ఓటేస్తేనే కొనసాగుతుంది. పైగా ఇళ్ల విలువ పెరిగినా లెవీ మీద వచ్చే మొత్తం పెరగకుండా అక్కడి చట్టం రేటును ఆ మేరకు తగ్గిస్తుంది. ఇంగ్లండు ఇంకా ముందు, 1850లో, ఊరివాళ్లలో ఓటేసినవాళ్ల మూడింట రెండు వంతులు ఒప్పుకుంటేనే పన్ను వేయనిచ్చింది. అదీ ఆస్తి విలువలో పౌనుకు అర పెన్నీ. విచిత్రం ఏమంటే ఆ డబ్బుతో భవనం కట్టొచ్చు, జీతాలివ్వొచ్చు, పుస్తకాలు మాత్రం కొనకూడదు! ఐదేళ్ల తర్వాత పెన్నీకి పెంచి పుస్తకాలు కొననిచ్చారు. ఆ పెన్నీ పరిమితి 1919 దాకా గ్రంథాలయాల మెడకు గుదిబండ అయింది.

మన చట్టంలో గడువు తేదీ లేదు, ఓటూ లేదు. పన్ను పెరిగే కిటుకు లోపలే ఉంది. కొత్త ఇల్లు కట్టి నంబరు వేయించుకుంటే గ్రంథాలయ నిధి పెరుగుతుంది. దుకాణం మీద అంతస్తు లేస్తే పెరుగుతుంది. అద్దె విలువలు సవరించిన ఏడాది ఒక్కసారిగా పెరుగుతుంది. గ్రంథాలయ సంస్థ ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. ఇందులో ఒక లోపమూ ఉంది. సవరణలు ఏళ్ల తరబడి జరగకపోతే సెస్సూ అక్కడే ఆగిపోతుంది, పుస్తకం వెల మాత్రం ఆగదు. ఒహైయోలో ఐదేళ్లకోసారి ఊరంతా గ్రంథాలయం గురించి మాట్లాడుకుంటుంది. మన దగ్గర అరవై ఏళ్లకు పైగా అందరమూ కడుతున్నాం, ఎవరమూ మాట్లాడం. గ్రంథాలయానికి భరోసా దొరికింది గానీ, అడిగే మనిషి లేకుండా పోయాడు.

అడిగేవాడు లేనందువల్లే ఈ యంత్రంలో ఒక కీలు వదులైంది. బొగ్గు ఫేసు దగ్గర రాలేదానికంటే ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడే చోటే ఎక్కువ రాలుతుందని గని మనిషికి చెప్పక్కర్లేదు. సెస్సుకు కూడా నష్టం ఇంటి దగ్గర జరగదు, స్థానిక సంస్థ నుంచి గ్రంథాలయ సంస్థకు చేరవేసే చోట జరుగుతుంది. కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసిన సెస్సు పూర్తిగా జమ చేయడం లేదన్నది రాష్ట్రమంతటా గ్రంథాలయ సంస్థల పాత ఫిర్యాదు. దీనికి పెద్ద కుట్ర అక్కర్లేదు. డబ్బు ఒకే కౌంటరులో, ఒకే ఖాతాలో పడుతుంది. మార్చి నెలాఖరులో బిల్ కలెక్టర్లు పరుగులు పెట్టి తెచ్చినదాంట్లోంచి పారిశుధ్య కార్మికుల జీతాలు, చెత్త బండ్ల డీజిలు, వీధి దీపాల బిల్లు పోవాలి. వాటిని ఆపితే మరునాడే ఊళ్లో తెలుస్తుంది. గ్రంథాలయ వాటా ఆపితే ఆ సంగతి ఒక అల్మారాకు మాత్రమే తెలుస్తుంది.

మరమ్మతు కూడా కష్టమైనదేమీ కాదు. పన్ను విభాగంలో డీసీబీ అని ఒక లెక్క ఉంటుంది, ఎంత డిమాండ్, ఎంత వసూలు, ఎంత బాకీ అని. అందులో పాత బకాయి వేరు, ఈ ఏటిది వేరు. ఇప్పుడు నోటీసు కంప్యూటరే తీస్తుంది, అందులో సెస్సు వరుస విడిగా ఉంటుంది. అంటే ఏ రసీదులో గ్రంథాలయ వాటా ఎంతో పైసలతో సహా యంత్రానికి తెలుసు. ఫోనులో పన్ను కట్టిన క్షణంలోనే ఆ ఎనిమిది పైసలను నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడేలా విడగొట్టవచ్చు. 1960లో కొత్త వసూలుదారు అక్కర్లేకుండా చేసిన నేర్పుకు ఈనాటి సరైన కొనసాగింపు అదే. రేటు పెంచమని అడిగేముందు ఈ కీలు బిగించమని అడగాలి.

అది జరిగేదాకా మన చేతిలో ఒక పని ఉంది. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు రసీదు నడుమ ఉన్న ఆ వరుస చూడండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద మీ కార్పొరేషన్‌కు రెండే ప్రశ్నలు రాయండి: గత ఆర్థిక సంవత్సరంలో గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు? పట్టణంలో రుసుము పది రూపాయలు, గ్రామ పంచాయతీలోనైతే రుసుమే లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.